కెమెరా వెల, దాణా వెల

గత మాసం నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. కుశల ప్రశ్నలయ్యాక కాసేపు తటపటాయించి, "మాస్టారూ, పాతిక వేల లోపల వీడియో తీయడానికి మంచి కెమెరా ఏదైనా చెబుతారా? నాన్నగారి చేత మా పాత ఊరి సంగతులు చెప్పించి తీయాలనుకుంటున్నాను. ఆయనకు ఎనభై రెండో ఏడు నడుస్తోంది" అన్నాడు.

తెలుగు పండితుణ్ణి కెమెరా సంగతి అడగడమేమిటని చదువరులకు అనిపించవచ్చు. అతడు నన్నే అడగడానికి కారణముంది. 1993లో అతని నాన్నమ్మను ఆ పాత ఊరి గురించే నేను వీడియో తీశాను. ఆ క్యాసెట్టు ఏమైందని అతడు అడగలేదు. అడిగి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

అప్పటికప్పుడు సమాధానం చెప్పలేక, నాలుగు రోజులు గడువు అడిగాను. ఏది చవక, ఏది ప్రియం అన్న ప్రశ్నకు బజారులో దొరికే జవాబు వేరు, చరిత్రలో దొరికే జవాబు వేరు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలు ఊరికే అనలేదు. కదిలే బొమ్మలు తీసే యంత్రానికి ఆ సామెత అతికినట్లు మరి దేనికీ అతకదు.

లూమియేర్ సోదరుల సినిమాటోగ్రాఫ్ 1896 జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో తొలిసారి మన దేశపు తెర మీద బొమ్మలాడించింది. చిత్రం తీయడానికి, దానికి ప్రతి ముద్రించడానికి, తెర మీద చూపించడానికి ఆ ఒక్క పెట్టే సరిపోయేది. బొంబాయిలోనే ఛాయాచిత్రకారుడుగా ఉన్న హరిశ్చంద్ర సఖారాం భాత్వడేకర్ ఇంగ్లండు నుంచి రైలీ వారి కెమెరాను 21 గినీలకు తెప్పించుకుని, 1899లో అక్కడి హాంగింగ్ గార్డెన్స్‌లో జరిగిన కుస్తీ పోటీని చిత్రించాడు. చలనచిత్ర కెమెరా కొనుక్కున్న తొలి భారతీయుల్లో ఆయన పేరే ముందు వినబడుతుంది. గినీ అంటే ఇరవై ఒక్క షిల్లింగులు. పౌనుకు పదిహేను రూపాయలన్న ఆనాటి మారకంలో లెక్క కడితే కెమెరా ధర సుమారు 330 రూపాయలు. వృత్తిలో నిలదొక్కుకున్న ఛాయాచిత్రకారుడికి అది అందరాని సొమ్మేమీ కాదు.

దాణా మాటకు వద్దాం. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు పదహారు బొమ్మలు పడతాయి. మూకీల కాలంలో సెకనుకు ఇంచుమించు పదహారు బొమ్మలు తీసేవారు కనుక సెకనుకు ఒక అడుగు ఫిల్ము ఖర్చు. పిడి పట్టుకుని సెకనుకు రెండు చుట్లు తిప్పుతూ ఉంటే, ఒక్కో చుట్టుకు అర అడుగు చొప్పున లోపలికి పోతుంది. గంటసేపు తిప్పితే 3,600 అడుగులు. అది నెగటివు మాత్రమే, చూడాలంటే మరో 3,600 అడుగుల పాజిటివు కావాలి. పైగా అది నైట్రేటు ఫిల్ము, నిప్పురవ్వ తగిలితే అంతా భస్మమే. దాణా తినడమే కాక కొట్టాన్ని కూడా కాల్చే గుర్రమన్నమాట.

1912లో ఫాల్కే జీవిత బీమా పత్రాలను తాకట్టు పెట్టి లండను వెళ్లి విలియంసన్ కెమెరా తెచ్చుకున్న కథ చాలామందికి తెలుసు. తెచ్చాక ఆయన మొదట చేసిన పనే నాకు ఎక్కువ ఇష్టం. కుండలో బఠాణీ గింజ నాటి, అది మొలకెత్తి తీగ సాగేదాకా దాదాపు నెల రోజులపాటు విడిచి విడిచి బొమ్మలు తీసి, నిమిషం పాటు నడిచే చిత్రం చేశాడు. దాన్ని చూపించే 'రాజా హరిశ్చంద్ర'కు పెట్టుబడి సంపాదించాడు. ఫిల్మును పొదుపుగా వాడడంలో అంతకు మించిన పాఠం లేదు. యంత్రం ఎంత వేగంగా తినగలదో అంతా పెట్టనవసరం లేదు.

మన తెలుగువారిలో మచిలీపట్నానికి చెందిన రఘుపతి వెంకయ్య నాయుడుగారు మద్రాసులో ఛాయాచిత్రాల స్టూడియో నడుపుతూనే సినిమా ప్రదర్శనల్లోకి దిగారు. కుమారుడు సూర్యప్రకాశ్‌ను ఆ విద్య నేర్చుకు రమ్మని విదేశాలకు పంపారు. ఆ తండ్రీకొడుకుల ఉద్యమ ఫలమే 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ'. భాత్వడేకర్, ఫాల్కే, వెంకయ్యగారు ముగ్గురూ మొదట ఛాయాచిత్ర వృత్తిలో ఉన్నవారే కావడం గమనించదగినది. చీకటి గదీ, రసాయనాలూ, వాటి వాసనకు అలవాటు పడిన ముక్కూ వారికి ముందే ఉన్నాయి. అవేవీ లేనివాడికి ఆ యంత్రం ఏ ధరకు దొరికినా ప్రియమే.

సామాన్యుడి కోసం మొదట ఆలోచించిన సంస్థలు పాథే, కొడాక్. 1923లో కొడాక్ వారు 16 మిల్లీమీటర్ల ఫిల్మునూ దానికి తగిన కెమెరానూ తెచ్చారు. అంటుకోని ఫిల్ము అది. తీసిన చుట్టనే కడిగి తెర మీద వేసుకోవచ్చు గనుక రెండో ఫిల్ము ఖర్చు తప్పింది. అయినా కెమెరా, ప్రొజెక్టరు, తెర వగైరాలన్నీ కలిపి 335 డాలర్లు. 1932లో వచ్చిన 8 మిల్లీమీటర్ల కెమెరా వెల ఇరవై తొమ్మిదిన్నర డాలర్లకు దిగింది. వెల తగ్గింది సరే, అసలు గొప్పతనం మేతలో ఉంది. అదే పదహారు మిల్లీమీటర్ల వెడల్పు ఫిల్మును ఒకసారి ఒక అంచున, తిప్పి పెట్టి మరోసారి రెండో అంచున నడిపి, నాలుగో వంతు ఫిల్ముతో అదే నాలుగు నిమిషాల చిత్రం తీసేది. చవక అన్న మాటకు అర్థం తెలిసినవాడెవడో దాన్ని చేసి ఉంటాడు.

మా చిన్నతనంలో విశాఖ పాత పట్నంలో ఒక వైద్యుడి ఇంట అటువంటి కెమెరా ఉండేది. సముద్రపు ఒడ్డున పిల్లలు పరుగెత్తడం తప్ప ఆయన మరేమీ తీసినట్లు గుర్తులేదు. తీసిన చుట్టను తపాలాలో బొంబాయి పంపి, కడిగించుకుని, తిరిగి వచ్చేదాకా వారాల తరబడి ఎదురుచూసేవారు. మూడు నిమిషాల బొమ్మ చూడడానికి వీధిలోని పిల్లలమంతా వారి ముందు గదిలో చేరేవాళ్లం. మా వీధికి అదే సినిమాహాలు.

'మరో చరిత్ర' చిత్రీకరణను భీమిలిలో దూరంగా నిలబడి చూసిన రోజున నాకు కెమెరా కంటే దాని చుట్టూ ఉన్న మనుషులే ఎక్కువగా కనబడ్డారు. వెండి రేకు పలకలు పట్టుకుని ఎండను మళ్లించేవారు, గొడుగు పట్టేవారు, టేపుతో దూరం కొలిచేవారు. 1978లో ఆ చిత్రం విడుదలయింది. రంగుల చిత్రాలు మామూలైపోయిన రోజుల్లో నలుపు తెలుపుల్లో వచ్చి, భాష తెలియని మద్రాసు ప్రేక్షకుల చేత కూడా ఏడాదికి పైగా ఆడించుకుంది.

ఫిల్ము అనే దాణాను మాన్పించినది అయస్కాంతపు టేపు. 1967లో సోనీ వారి పోర్టాపాక్‌తో మనిషి మోసుకుపోగల వీడియో మొదలైంది, అయితే కెమెరా చేతిలో, రికార్డరు భుజాన. 1983లో వచ్చిన బీటామూవీలో ఆ రెండూ ఒక్క పెట్టెలో ఇమిడాయి. తీసినది అందులోనే చూసుకునే వీలు మాత్రం లేదు. తర్వాత వీహెచ్ఎస్ కెమెరాలు, 1985లో చిన్న క్యాసెట్టు పట్టే వీడియో ఎయిట్. మన దేశంలో 1982 ఏషియాడ్‌తో రంగుల టీవీలు ఇళ్లలోకి రావడం, వెంటనే వీసీఆర్‌లు అద్దెకు దొరకడం ఈ కాలంలోనే. గంట క్యాసెట్టు నూరు రూపాయలో నూట యాభయ్యో పెడితే గంట చిత్రం. నచ్చకపోతే చెరిపి మళ్లీ తీయవచ్చు. ఈ చెరపడమన్నది వరమో శాపమో నేను తేల్చలేను. మా బంధువుల ఇంట ఒక పెళ్లి క్యాసెట్టులో మంగళసూత్రధారణ వేళకు సరిగ్గా క్రికెట్ మ్యాచి మొదలవుతుంది.

అయితే ఈ గుర్రం మరో దాణా అడిగింది. వెలుతురు. ఆనాటి వీడియో కెమెరాలు మసక వెలుగులో బొమ్మను చీమల పుట్టలాగా చూపించేవి. అందుకని పెళ్లి పందిళ్లలో వీడియో కుర్రాడి వెనుక సన్‌గన్ దీపం పట్టుకుని మరో కుర్రాడు, వాడి వెనుక వైరు లాగుతూ ఇంకొకడు. వధూవరుల ముఖాన చెమట, పురోహితుడి కళ్లలో నీళ్లు. విశాఖలో ఆ రోజుల్లో పానసోనిక్ వారి పెద్ద వీహెచ్ఎస్ కెమెరా భుజాన పెట్టుకున్నవాడికే బేరాలు వచ్చేవి. అరచేతిలో ఇమిడే కెమెరాతో వస్తే, బొమ్మ ఎంత బాగున్నా పెళ్లివారు మొహం ముడుచుకునేవారు. కొలత యంత్రానికి కాదు, భుజానికి.

ఇక నా కథ. విశాఖ ఓడరేవు పట్టణం. ప్రతి పేటలోనూ ఓడల మీద పనిచేసేవారు ఒకరిద్దరైనా ఉంటారు. వారు సెలవుకు వస్తే టేపురికార్డర్లు, సెంట్లు, కెమెరాలు వెంట వచ్చేవి. మా బావమరిది ఓడలో మెకానిక్కు. 1992లో జపాను రేవులో వీడియో ఎయిట్ కెమెరా ఒకటి కొని, సుంకం కట్టి తెచ్చి, డబ్బు అవసరమై నాకు అమ్మాడు. ఇక్కడి ధరలో సగానికి తక్కువ. "బావా, ఇంతకంటే చవగ్గా నీకు ఎక్కడా దొరకదు" అన్నాడు. నిజమే చెప్పాడు.

జపాను, అమెరికాలది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి. తెరకు 525 గీతలు, సెకనుకు ముప్పై బొమ్మలు. మనది పాల్ పద్ధతి. 625 గీతలు, ఇరవై అయిదు బొమ్మలు. ఆ కెమెరాను మా టీవీకి కలిపితే రంగులు పోయి, బొమ్మ కిందికి పైకి దొర్లేది. అమెరికాలోని పిల్లలు పంపిన సీమంతాల క్యాసెట్లను ఇక్కడి వీసీఆర్‌లో పెట్టి వెర్రిమొహాలు వేసిన తల్లిదండ్రులు ఆంధ్రదేశమంతటా ఉన్నారు, వారికి నా బాధ తెలుస్తుంది. ట్యూబులైటు కింద తీస్తే మరో చిక్కు. మన కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగితే కెమెరా అరవై సార్లు చూస్తుంది. అందుచేత బొమ్మ గుండె కొట్టుకున్నట్లు కొట్టుకునేది.

నేను అప్పట్లో గాజువాక దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసేవాణ్ణి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావుగారు జాతికి అంకితం చేశారు. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అన్న నినాదాన్ని ఊపిరిగా పెరిగిన తరం మాది, ఆ రోజున గర్వపడ్డాను. మా తరగతి గదిలో సగం మంది పిల్లలు ఆ కర్మాగారానికి భూములిచ్చి కాలనీల్లోకి వచ్చినవారి బిడ్డలు. వ్యాసరచనలో 'మా ఊరు' అని అంశమిస్తే, ఒక కుర్రవాడు ఏమీ రాయకుండా కూర్చున్నాడు. ఏమిరా అంటే, "మా ఊరు లేదండి, మా నానమ్మకు తెలుసండి" అన్నాడు.

మరుసటి ఆదివారం కెమెరా పట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆ ముసలమ్మకు డెబ్బై దాటాయి. అరుగు మీద కూర్చోబెట్టి కెమెరా ఎత్తగానే, "ఏటి మాస్టారూ, ఈ డబ్బాలోకి సూసి సెప్పాలా?" అని నవ్వింది. తర్వాత డబ్బా సంగతి మరిచిపోయింది. ఊళ్లోని చెరువుల పేర్లు, ఏ చెరువు కింద ఎవరి పొలం, గ్రామదేవత గుడి ముందు చెట్టు, పండుగ నాడు ఘటాలు వచ్చే దారి, తాటితోపులో ఏ చెట్టు ఎవరిది, అన్నీ వరుసగా చెప్పింది. గంట క్యాసెట్టు నిండే వేళకు బ్యాటరీ కూడా అయిపోయింది. మరో బ్యాటరీ కొనలేదు, మరో క్యాసెట్టు తేలేదు. వచ్చేవారం మళ్లీ వస్తానన్నాను. పరీక్షలు వచ్చాయి. ఆ వేసవిలోనే ఆమె కాలం చేసింది.

ఆ తర్వాత నాలుగేళ్లకు కెమెరా పాడైంది. సముద్రపు గాలికి ఇనుప కిటికీలే నిలవని ఊరిలో ఆ సన్నని లోహపు తలలు నిలవకపోవడం వింత కాదు. క్యాసెట్టును వీహెచ్ఎస్‌లోకి మార్చి ఇమ్మని ఒక దుకాణంలో ఇస్తే, రెండు నెలలు తిప్పి, మొదటి కొంత భాగం నలిగిపోయిన టేపును చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి, బీరువాలో పట్టుబట్టల మధ్య దాచాను. దాచడమంటే చూడకుండా ఉండడమే.

ఈలోగా లోకం నడిచిపోయింది. 1995లో డీవీ టేపు వచ్చి బొమ్మను అంకెల్లోకి మార్చింది. అరచేతి డీవీ కెమెరాతో తీసిన డెన్మార్కు చిత్రం 'ఫెస్టెన్' 1998లో కాన్ చిత్రోత్సవంలో బహుమతి పొందింది. 2008లో కానన్ వారు ఫైవ్ డీ మార్క్ టూ అనే ఛాయాచిత్రాల కెమెరాలో వీడియోను చేర్చారు. సినిమావారి పెద్ద సెన్సరు, కటకాలు మార్చుకునే వీలు, వాటి అద్దెలో పిసరంత వెల. 2011లో రామ్‌గోపాల్ వర్మ ఆ జాతి కెమెరాలతోనే, గుప్పెడు మంది సిబ్బందితో, అయిదు రోజుల్లో 'దొంగల ముఠా' తీశారు. ఆ సినిమా బాగోగులు ఇక్కడ అప్రస్తుతం. రవితేజ వంటి నటుడి సినిమా పెళ్లి ఫొటోల కెమెరాతో తీయవచ్చునని తేలింది, అంతే. ఆ కెమెరాలోనూ మడతపేచీలున్నాయి. ఒక్కో ఫైలు నాలుగు గిగాబైట్లు దాటేది కాదు, అంటే పన్నెండు నిమిషాలకే ఆగిపోయేది. ఇరవై అయిదు బొమ్మల వేగం 2010 దాకా ఇవ్వలేదు.

ఓడరేవు ఊరివాణ్ణి గనుక సుంకాల మాట ఒకటి చెప్పక మానలేను. ఇటువంటి కెమెరాలు చాలా ఏళ్లపాటు 29 నిమిషాల 59 సెకన్లకు ఠక్కున ఆగిపోయేవి. ముప్పై నిమిషాలు రికార్డు చేయగలిగితే ఆ రోజుల్లో ఐరోపా సుంకపు పట్టికలో అది వీడియో కెమెరా అయ్యేది, అధిక సుంకం పడేది. అందుకని తయారీదారులు ఒక్క సెకను తగ్గించారు. ఎక్కడో కస్టమ్స్ గుమాస్తా గీసిన గీత వల్ల గాజువాకలో ఒక ముసలాయన మాట మధ్యలో తెగిపోయి ఉండవచ్చన్నమాట.

2018లో మన విశాఖలోనే 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చింది. వెంకటేశ్ మహా దర్శకుడు, ప్రవీణ పరుచూరి నిర్మాత. తెర మీద కనబడేవారిలో అత్యధికులు ఆ పేటవారే, అంతకు ముందు కెమెరా ఎరుగనివారు. ఆ చిత్రం చూస్తున్నంతసేపూ ఏ కెమెరాతో తీశారన్న ఆలోచన నాకు రాలేదు. ఆ వీధుల్లో నేను సైకిలు తొక్కాను, ఆ మాటతీరు నా చెవులకు తెలుసు.

నాలుగు రోజుల గడువు తీరాక అతనికి ఫోను చేసి చెప్పాను. "కెమెరా కొనవద్దు నాయనా. నీ జేబులోని ఫోను, నేను 1992లో కొన్నదానికంటే ఎన్నో రెట్లు మేలు. ఆ పాతిక వేలను దాణాకు పెట్టు. చొక్కాకు తగిలించే మైకు ఒకటి ముందు కొను. ముఖం మసకబారినా మాట వినబడితే చాలు, మాట పోతే ముఖం మూగ. ఒక స్టాండు కొను, చెయ్యి వణుకు నాన్నగారి వయసుకు సహజం, బొమ్మకు కాదు. కిటికీ పక్కన కూర్చోబెట్టు, ట్యూబులైటు వేయక తప్పకపోతే ఇరవై అయిదు బొమ్మల వేగం పెట్టు. మిగిలిన డబ్బుతో రెండు హార్డ్ డిస్కులు కొని, ఒకటి నీ ఇంట, ఒకటి మీ చెల్లెలి ఇంట ఉంచు. అయిదారేళ్లకొకసారి కొత్తవాటిలోకి మార్చు. అన్నిటికంటే ముందు, ఈ ఆదివారమే మొదలుపెట్టు."

అది చెప్పాక నా సంగతి చెప్పుకోక తప్పలేదు. 1999 నుంచి సోనీ వారు అమ్మిన డిజిటల్ ఎయిట్ కెమెరాల్లో చాలావాటికి పాత వీడియో ఎయిట్ క్యాసెట్లను చదివే శక్తి ఉంది. అమెరికాలో ఉన్న మా మేనకోడలు అక్కడ ఒకటి పాతది కొని పంపింది. ఎన్‌టీఎస్‌సీదే, ఈసారి కావలసింది అదే. ఫైర్‌వైర్ తీగ పట్టే పాత కంప్యూటరు కోసం ఊరంతా తిరిగాను. టేపును తుడిచి, నలిగిన భాగం కత్తిరించి అతికించే పని తెలిసిన ఒక కుర్రవాడు చేసి పెట్టాడు. అన్నీ కలిపి, ఆ 'చవక' కెమెరా వెల కంటే ఎక్కువే అయింది. గంటలో ముప్పై ఏడు నిమిషాలు బయటపడ్డాయి.

ఆదివారం వాళ్ల ఇంటికి వెళ్లి, ఆ ముప్పై ఏడు నిమిషాలను వాళ్ల టీవీలో పెట్టాం. చెరువులను వేళ్ల మీద లెక్కపెడుతోందామె. నేను అప్పట్లో జూమ్ మోజులో ముఖాన్నే దగ్గరగా లాగాను, వేళ్లు బొమ్మలో లేవు. పెద్దాయన కాసేపు కదలకుండా చూశారు. తర్వాత కుర్చీలో ముందుకు వంగి, "అమ్మ తప్పు సెప్పింది. రాయిసెట్టు సెరువుకి తూరుపు కాదు, పడమర. నాను దాని మీంచి దూకీవోణ్ణి" అన్నారు. ఆయన చొక్కాకు మైకు అప్పటికే తగిలించి ఉంది. కిటికీ పక్కన స్టాండు మీద ఫోను ఎర్రచుక్క వెలుగుతోంది. నా శిష్యుడు టీవీ ఆపి, "ఆ సెరువు పేరేటి నాన్నా?" అని అడిగాడు.